ఫోను కొయ్యలేదు

గద్వాల వెళ్ళొచ్చానంటే చాలు, అందరూ అడిగేది ఒకటే: చీరలు ఎంతలో ఉన్నాయి? ముందే చెప్పేస్తున్నాను, నేను చీర కొనలేదు. కొంటే కట్టుకునే మనిషి కూడా ఇంట్లో లేదు. నేను వెళ్ళింది ఒక మనిషిని వెతుక్కుంటూ. దారిలో తిన్నవీ చూసినవీ పడ్డ తిప్పలూ అన్నీ చెబుతాను గానీ, అసలు పని అదని గుర్తుపెట్టుకుని చదవండి.

నాది రాజమండ్రి. పదిహేనేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను. పని డాన్సు. సినిమా డాన్సు కాదు, వీధి డాన్సు. పాపింగ్, లాకింగ్ అంటారు. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పాపింగ్ అంటే తాళం పడిన చోటల్లా ఒంట్లో కండను బిగించి వదలడం. చూసేవాళ్ళకు కరెంటు కొట్టినట్టు కనిపిస్తుంది. లాకింగ్ అంటే జోరుగా ఆడుతూ ఆడుతూ ఠక్కున ఆగిపోయి, ఏమీ జరగనట్టు మళ్ళీ అందుకోవడం. మా అమ్మ రెండింటినీ కలిపి వణుకుడు అంటుంది. ఇలా వణుక్కుంటూ ఎన్నాళ్ళు బతుకుతావురా అని ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది.

ఆ వణుకుడు తొమ్మిదేళ్ళు నేనూ అంజీ కలిసి వణికాం. అంజి అంటే ఆంజనేయులు. గద్వాలలో మగ్గం నేసేవాళ్ళ ఇంట్లో పుట్టాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. హైదరాబాదులో ఒక పార్కులో పరిచయమై, ఒకే గదిలో ఉండి, ఒకే బిర్యానీ ఇద్దరం తిని పెరిగాం. మా ఇద్దరికీ కలిపి గొప్ప ఐటం ఒక్కటే ఉండేది. అంజి ఎడమ చేతి వేళ్ళ దగ్గర ఒక అల పుడుతుంది. మణికట్టు, మోచెయ్యి, భుజం, ఛాతీ దాటి కుడి చేతి వేళ్ళ దాకా వస్తుంది. ఆ వేళ్ళకు నా వేళ్ళు ఆనించి ఉంటాయి. అక్కణ్ణుంచి అల నా ఒంట్లోకి దిగుతుంది. అతను ఎక్కడ ఆగాడో నేను ఎక్కడ మొదలయ్యానో ఆడుతున్న మాకే తెలిసేది కాదు.

మూడేళ్ళ కిందట దాన్ని ఒక వంతెన మీద వీడియో తీయించాం. తీసింది అడ్డంగా. ఫోన్లో పెట్టాలంటే నిలువుగా కొయ్యాలి. యాప్ దానంతటది నడిమికి కోసింది. అంజి సగం, నేను సగం, చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంది. నేను వేలు పెట్టి ఫ్రేమును నా వైపు జరిపాను. అంతే, ఒక్క వేలు. అంచున అంజి చేతివేళ్ళు నాలుగు మిగిలాయి, మనిషి పోయాడు. ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. అలను గాల్లోంచి పుట్టిస్తున్నాడని నన్ను మెచ్చుకున్నారు. పిలుపులు వచ్చాయి, నా ఒక్కడికి. అంజి అడిగితే యాప్ అలా కోసిందిరా అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. రెండు నెలలకు తన బట్టలు సర్దుకుని గది నుంచి వెళ్ళిపోయాడు. నంబరు మార్చేశాడు.

ఈ ఏడాది బెంగళూరులో ఇద్దరిద్దరు కలిసి ఆడే పోటీ ఒకటి ఉందని తెలిసింది. నాకు ముప్ఫై ఆరు నిండాయి. మోకాలు మొరాయిస్తోంది. ఇక ఆడితే ఒకటో రెండో ఏళ్ళు. అంజిని పిలవాలి. పిలవాలంటే ముందు నిజం చెప్పాలి. చెబితే రాడేమో. ఈ మూడూ నెత్తిన పెట్టుకుని శివరాత్రికి ముందు బయలుదేరాను. తిరిగొచ్చాక, ఇదంతా రాసుకుంటానని అంజికి కబురు పెడితే ఒక్క ముక్క జవాబు వచ్చింది: "రాస్తే మొత్తం రాయి అన్నా." అందుకే మొత్తం రాస్తున్నాను.

గద్వాల

పొద్దున్నే బస్సు దిగేసరికి కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. బస్టాండు బయట బండి మీద ఒకామె ఉగ్గాని కలుపుతోంది. మేం మరమరాలనేవాటిని ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో ముంచి, పిండి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ పసుపూ వేసి తాలింపు పెడతారు. మా రాజమండ్రిలో మరమరాలకు చెమ్మ తగిలితేనే ఇంట్లో తిట్లు పడతాయి. ఇక్కడ కావాలని తడిపి, ఉప్మాలా వేడివేడిగా పెడుతున్నారు. పక్కన మిర్చిబజ్జీ ఉండి తీరాలి. ప్లేటు నలభై రూపాయలు. గోదావరివాణ్ణి, నాకు కారం కొత్త కాదు, అయినా బజ్జీ కొరికి ఏడ్చాను. ఆమె నవ్వలేదు. ఇంకో గరిటెడు ఉగ్గాని వేసి, బజ్జీ ఒట్టిగా తినకూడదు, నడుమ నడుమ తినాలని చెప్పింది.

ప్లేటు ఖాళీ అయ్యేలోపు ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు: ఎవరింటికి వచ్చినవు? వాళ్ళలో ఒకాయన రాయచూరు బస్సు కోసం చూస్తున్న కన్నడాయన, ఆయనకు కూడా కావాలి నేనెవరింటికి వచ్చానో. హైదరాబాదులో నేను ఆరేళ్ళుగా ఉంటున్న బిల్డింగులో నా పేరే ఎవరికీ తెలియదు. మగ్గం నేసే కిష్టన్న ఇంటికి అన్నాను. ఊళ్ళో కిష్టన్నలు చాలామంది ఉన్నారట. డాన్సు తమ్ముడున్న కిష్టన్నా అని బండి ఆమే గుర్తుపట్టి దారి చెప్పింది. ఆ తమ్ముణ్ణి వెతుక్కుంటూనే వచ్చానన్నాను.

కిష్టన్న అంజికి అన్న. నలభై అయిదేళ్ళుంటాయి. ఇంట్లో మొదటి గదంతా మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన, పక్కనే ఆయన భార్య పద్మమ్మ కూర్చుని నేస్తున్నారు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఒళ్ళు నేసే పోగు అంచు దాకా వచ్చి, అక్కడ పట్టుపోగుతో మెలిక పడి వెనక్కి తిరుగుతుంది. అందుకని ఇద్దరు కూర్చోవాలి. పోగును అటూ ఇటూ మోసే నాడె ఇద్దరికీ చెరొకటి; ఆమె తన నాడె విసిరేదాకా ఆయన ఆగుతాడు, ఆయన విసిరేదాకా ఆమె ఆగుతుంది. ఒకరు లేచి పొయ్యి దగ్గరికి పోతే చీర అక్కడికి ఆగిపోతుంది. నేను పిలవకుండా గుమ్మంలో చాలాసేపు నిలబడి చూశాను. అసూయ పడ్డాను, దాచడం దేనికి.

కిష్టన్న తలెత్తి చూసి వెంటనే గుర్తుపట్టాడు. వీడియోలో చూసిన ముఖం కదా. మగ్గం దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పిలవనీకి వచ్చినవా తమ్మీ?"

అవునన్నాను. అంతే, ఆ ఇంట్లో పెళ్ళివారు దిగినంత హడావుడి మొదలైంది. పద్మమ్మ జొన్నరొట్టె కొట్టింది. పుంటికూర చేసింది. అది మా గోంగూరే, కానీ మేం పోసే నూనెలో పావు వంతు కూడా పొయ్యలేదు, పైన మాత్రం దంచిన పల్లీలు వేసింది. పొరుగింటివాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చి నిలబడి వెళ్ళారు. తింటుంటే కిష్టన్న తమ్ముడి సంగతి చెప్పుకొచ్చాడు. అంజి ఇంటికి రాక రెండేళ్ళయిందట. వనపర్తిలో ఒక బడిలో పిల్లలకు డాన్సు నేర్పుతున్నాడని బడి పేరూ చెప్పాడు. ఎప్పుడు రమ్మన్నా, హైదరాబాదు అన్న పిలుస్తడు, పిలిచినంక ఇంటికి వచ్చి చెప్పి పోత అంటాడట. మగ్గం మీద రెండో మనిషిగా తమ్ముణ్ణి కూర్చోబెట్టుకోవాల్సింది, నువ్వు తోడున్నావని డాన్సుకు పంపేశానని కూడా అన్నాడు. నేను తల వంచుకుని రొట్టె తుంచుతున్నాను.

అప్పుడన్నాడు ఆ మాట. "ఆ ఫోనే గట్ల కోస్తదంట గద తమ్మీ. మావాడు ఒట్టేసి చెప్పిండు, నీ తప్పేం లేదని. వాడలోళ్ళు ఏమన్నా అంటే నేనే వాళ్ళతోని కొట్లాడిన."

రొట్టె గొంతులో అడ్డం పడింది. పద్మమ్మ నెత్తిన తట్టి నీళ్ళిచ్చింది. చెప్పాల్సిన చోటు అదే, చెప్పాల్సిన క్షణం అదే. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, ఇంకో రొట్టె వేస్తే అదీ తిన్నాను. అంజికి ఇప్పుడే ఫోన్ చేస్తానని కిష్టన్న అంటే, వద్దు, చెప్పకుండా వెళ్ళి కలుస్తానన్నాను. ఆయన దాన్ని ముచ్చట అనుకుని నవ్వి ఒప్పుకున్నాడు. లాడ్జికి పోనివ్వలేదు, ఆ రాత్రికి మగ్గం పక్కనే చాప వేశారు. సొంత మనిషిలా చూసుకున్నారు. అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

జూరాల, ఆత్మకూరు

వనపర్తికి సూటి దారి వేరే ఉంది. కానీ కృష్ణ మీది జూరాల డ్యాము దగ్గర చేపలు తినకుండా పోతే పాపమని కిష్టన్న చెప్పాడు. నిజానికి నాకు వనపర్తి ఎంత ఆలస్యమైతే అంత మేలు అనిపించింది. డ్యాము పక్కన వరసగా పాకలు, పెద్ద పెద్ద మూకుళ్ళు, ఎర్రటి మసాలా పట్టించిన చేపలు. మేం చేపను పులుసులో ఒక రాత్రి ఊరబెట్టి మర్నాడు తినే జాతి. వీళ్ళు అప్పుడే నదిలోంచి తీసి అప్పుడే నూనెలో వేసి, ఉల్లిపాయ ముక్కా నిమ్మకాయా ఇచ్చి తినమంటారు. ఒక చేప చూపించి ఇదివ్వమన్నాను. వేయించే ఆమె నా వెనక్కి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఒక్కనికి అది ఎక్కువైతది, పారేస్తవు, చిన్నది తీసుకో అంది. అహంకారం, పెద్దదే తీసుకున్నాను. ఆమె చెప్పినట్టే సగం మిగిలింది. కుక్కకు పెట్టాను.

అక్కణ్ణుంచి ఆత్మకూరు. బస్సుకు గంటన్నర టైముంది. కిష్టన్న ఇంట్లో పొద్దున సాధన చెయ్యలేదు. ఒక్కరోజు మానితే కండ మొద్దుబారుతుంది. చెవుల్లో పాట పెట్టుకుని, బస్టాండు చివర గోడవారన నిలబడి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. మెడ, భుజాలు, ముంజేతులు, తాళానికి ఒక్కొక్కటి బిగించి వదులుతున్నాను. మంచి ఊపులో ఉండగా నా కుడిచేతిలో ఏదో చల్లగా తగిలింది.

కళ్ళు తెరిస్తే డెబ్భై ఏళ్ళ ముసలమ్మ. తన నడుముకున్న తాళాల గుత్తి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చుట్టూ పదిమంది మూగారు. మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టడం మా వైపు కూడా ఉన్నదే, నాకు వెంటనే అర్థమైంది. ఒకాయన వాసన చూపించడానికి తన చెప్పు కూడా విప్పుతున్నాడు. చెవుల్లోంచి పాట తీసి, అమ్మా ఇది జబ్బు కాదు, డాన్సు అని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆమె అల్లుడికీ మూర్ఛ ఉందట, అది తగ్గగానే అతనూ ఏమీ లేదు అనే అంటాడట.

"నీతోని ఎవరూ రాలేదా బిడ్డా?"

ఎవరూ లేరన్నాను.

"గిసొంటి బీమారున్నోన్ని ఒక్కన్ని పంపుతరా," అని చుట్టూ ఉన్నవాళ్ళతో అంది, వాళ్ళేదో నన్ను పంపినట్టు.

చెప్పు విప్పినాయన తొడుక్కుని వెళ్ళిపోయాడు. జనం చెదిరారు. ఆమె మాత్రం నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, బస్సు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. మధ్యలో కొంగులోంచి ఉడకబెట్టిన పల్లీలు తీసి పెట్టింది. నాకు మొదట నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. నేను ఆడుతుండగా ఒక మనిషి నా చెయ్యి పట్టుకుని మూడేళ్ళయింది. బస్సు వచ్చాక తాళాలు తిరిగిస్తే, మెడలో ఒక ఇనుప ముక్క కట్టుకొమ్మని చెప్పి పంపింది.

వనపర్తి

వనపర్తిలో లాడ్జివాడు ఒక్కరికి గదులు లేవన్నాడు. రెండు మంచాల గదే ఇచ్చి రెండు మంచాల అద్దె తీసుకున్నాడు. గొడవ పెట్టుకున్నాను, లాభం లేకపోయింది. కసిగా రెండో మంచం మీద బ్యాగు, తువ్వాలు, బూట్లు, నీళ్ళ సీసా పరిచి పడుకున్నాను. ఊరు బాగుంది. రాజుగారు ఉండిన బంగళాలో ఇప్పుడు కాలేజీ నడుస్తోంది, మెట్ల మీద కుర్రాళ్ళు కూర్చుని పరీక్షలకు చదువుకుంటున్నారు. మా రాజమండ్రిలో పాత బంగళా అంటే బోర్డు పెట్టి తాళం వేస్తారు. టీ పది రూపాయలు, అల్లం దండిగా ఉంది. మోకాలు వాచింది, మందుల షాపులో ఒక పూత కొన్నాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మర్నాడు మధ్యాహ్నం దాకా నేను ఆ బడికి వెళ్ళకుండా ఇలాంటి పనులే చేస్తూ తిరిగాను. భయం.

చివరికి వెళ్ళాను. చిన్న ప్రైవేటు బడి. సుజాత అనే తెలుగు టీచరు కలిసింది. ఆంజనేయులు సారు రెండు వారాల కిందట బడి వార్షికోత్సవం అయ్యాక నాగర్‌కర్నూల్ వెళ్ళిపోయాడట, అక్కడి బడిలో కూడా ఇదే పని. ఆ వార్షికోత్సవం గురించి ఆమె చాలా సంబరంగా చెప్పింది. సారు బడిలో ఉన్న నలభై మంది అయిదో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టాడు. ఆ చివరి పిల్ల చేతి నుంచి ఈ చివరి పిల్లాడి దాకా ఒక అల పంపించాడు. సారు దాన్ని అంతకుముందు ఇంకొకరితో కలిసి ఇద్దరుగా చేసేవాడట, ఎవరితోనో చెప్పలేదట. పిల్లలు స్టేజీ మీద పట్టక మెట్ల మీదికి కూడా వచ్చారని ఆమె నవ్వింది.

వీడియో ఉందా అని అడిగాను. ఉంది. చూపించింది. ఫోను అడ్డంగా తిప్పి పట్టుకోమంది. తల్లిదండ్రులందరి ఫోన్లలోనూ అది అడ్డంగానే ఉందట. ఎందుకంటే పాట మొదలయ్యే ముందు సారు మైకు తీసుకుని గట్టిగా చెప్పాడట. ఆ మాటలు వీడియోలో కూడా వినిపించాయి. మూడేళ్ళ తర్వాత అంజి గొంతు వినడం అదే.

"అమ్మలూ, అయ్యలూ, ఫోన్లు అడ్డం పట్టుండ్రి. నిలువు పట్టుకుంటే కొసకున్న పిల్లలు పోతరు. ఎవరి పిల్లలు పోతరో చూసుకోండ్రి మరి."

జనం నవ్వారు. టీచరు కూడా మళ్ళీ నవ్వింది. నేను ఫోను ఆమెకిచ్చి బయటికి వచ్చి, బడి ముందు నీళ్ళ కుళాయి తిప్పి చాలాసేపు ముఖం కడుక్కున్నాను. ఆమె వెనకే వచ్చి, మీరు ఆయనకు ఏమైతరని అడిగింది. తెలిసినవాణ్ణి అన్నాను.

నాగర్‌కర్నూల్

ఈ దారిలో పొలాల్లో పల్లికాయ పీకుతున్నారు. బస్సులోకి పచ్చి పల్లీల వాసన వస్తుంది, కండక్టరు జేబులో కూడా పల్లీలే. ఎవరో ఒకరు గుప్పెడు మనకూ ఇస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. మా గోదావరి బస్సుల్లో అరటిపండ్లు ఇలాగే పంచేవాళ్ళు, ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళది. గుప్పెడు తిన్నాను గానీ రుచి తెలియలేదు. ఏం చెప్పాలో, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో దారంతా లోపల్లోపల వల్లెవేశాను.

మర్నాడు మధ్యాహ్నం బడి మైదానంలో అంజి కనిపించాడు. కాస్త పొట్ట వచ్చింది, మీసం పెంచాడు. పాటకు చప్పట్లు కొట్టి లెక్క చెబుతున్నాడు. నన్ను చూశాడు. చప్పట్లు ఆగలేదు, లెక్క తప్పలేదు. చేత్తో వరండా వైపు చూపించాడు, కూర్చొమ్మని. క్లాసు మొత్తం అయ్యేదాకా కూర్చున్నాను. తర్వాత వచ్చి అతను మొదట అడిగింది నా మోకాలి గురించి. నడక చూసి కనిపెట్టాడట. కేసరి సముద్రం అని పెద్ద చెరువుంది ఊళ్ళో, దాని కట్ట మీదికి తీసుకెళ్ళాడు. ఛాయ్ తెప్పించాడు. ఇద్దరి ఛాయ్‌కీ తనే ఇచ్చాడు.

వల్లెవేసినవన్నీ మర్చిపోయాను.

"ఫోను కొయ్యలేదురా," అన్నాను. "నేనే జరిపాను. వేలితో."

"నాకెరుకనే," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ దినం నుంచే. ఫోను కోస్తే నడుమకు కోస్తదన్నా. నువ్వు పక్కన ఉంటివి, నడుమల లేకుంటివి. నేను గూడ వీడియోలు కోస్త గద."

మూడేళ్ళు నేను దాచుకున్న దొంగతనం, తెరిచి చూస్తే అందరికీ కనిపించే చోటే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. మరి ఇంట్లో ఎందుకలా చెప్పావని అడిగాను. అతను ఛాయ్ తాగడం ఆపి నా వైపు తిరిగాడు.

"మా ఇంటికి పోయినవా?"

"వెళ్ళాను."

"అన్నం తిన్నవా?"

"తిన్నాను."

"ఏం చెప్పినవు?"

ఏమీ చెప్పలేదన్నాను. అతను ఛాయ్ గ్లాసు కట్ట మీద పెట్టాడు. కోపంగా ఏమీ లేడు. కోపంగా ఉంటే నాకే తేలికయ్యేది.

"మా అన్న మగ్గం మీద రెండో మనిషిని వదులుకోని నన్ను పంపిండు. నీతోని పోతున్ననని పంపిండు. ఆ మనిషే నన్ను కోసిండని ఎట్ల చెప్పాలె? ఇంటికి పోతే, పిలిచిండా అని అడుగుతరు. ఎన్నిసార్లు అబద్ధమాడాలె? అందుకే పోతలేను."

బెంగళూరు సంగతి చెప్పాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అతను అంతా విని తల అడ్డంగా ఊపాడు. నా పక్కన నిలబడితే తన కన్ను ఆట మీద ఉండదట, ఎవరు ఎటునుంచి వీడియో తీస్తున్నారో చూస్తుంటుందట. అలా ఆడేవాడు తాళం తప్పుతాడు, నిన్ను గూడ తప్పిస్త అన్నాడు. డాన్సు తెలిసినవాడు చెప్పిన మాట అది.

లేచి ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుని, వెళ్ళబోతూ ఇంకో మాట అన్నాడు.

"నాకు ఎరుకైన ముచ్చటే వచ్చి నాకు చెప్పినవన్నా. నీ బరువు దిగింది. నాదేం దిగలే."

చెయ్యి కలపలేదు. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టమని చెప్పి వెళ్ళాడు. నేను కట్ట మీదే కూర్చుండిపోయాను. బోటులో తిరిగేవాళ్ళు, ఫోటోలు దిగేవాళ్ళు, ఐస్‌క్రీం తినేవాళ్ళు, కట్ట నిండా జనం. జంటగా దిగడానికి ఒకతను తన ఫోను నా చేతికిచ్చి తీసిపెట్టమన్నాడు. తీశాను. ఇద్దరూ వచ్చారో లేదో నాలుగుసార్లు చూసుకుని ఇచ్చాను.

మళ్ళీ గద్వాల

పొద్దున నాగర్‌కర్నూల్ బస్టాండులో హైదరాబాదు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను కూడా. టికెట్టు కొట్టించుకున్నాను. ఇల్లు చేరి, పోటీకి రానని కబురు పంపి, పడుకుందామనుకున్నాను. అంజి అన్న మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతోంది. నిజం అతనికి అక్కర్లేదు, అతని దగ్గర అది మూడేళ్ళుగా ఉంది. అది లేని ఇల్లు ఒక్కటే ఉంది. ఆ ఇంట్లో నేను రొట్టెలు తిని వచ్చాను. బస్సు గేటు దాటుతుంటే ఆపమని అరిచి దిగాను. డబ్బులు తిరిగివ్వనని కండక్టరు ముందే చెప్పాడు, మంచిదన్నాను. గద్వాలకు రెండు బస్సులు మారాలి. మారాను.

గద్వాలలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఉగ్గాని బండి ఆమె నన్ను చూసి, తమ్ముడు దొరికిండా అని అడిగింది. దొరికాడన్నాను. సంతోషించింది.

కిష్టన్నా పద్మమ్మా మగ్గం మీదే ఉన్నారు. మొన్నటికీ ఇవాళ్టికీ చీర మూరెడు పెరిగింది. కిష్టన్న నన్ను చూసి నవ్వి, నా వెనక్కి చూశాడు. తర్వాత వీధిలోకి చూశాడు.

"ఒక్కనివే వచ్చినవేంది తమ్మీ? వాడు యాడుండు?"

పద్మమ్మ అప్పటికే లేచి బియ్యం చాటలోకి తీస్తోంది. వదినా, అన్నం పెట్టకండి, ముందు వినండి అన్నాను. కూర్చోకుండా, గడప లోపల నిలబడి చెప్పాను. ఫోను కొయ్యలేదనీ, అది నడిమికే కోసిందనీ, నా వేలితో నేనే నా వైపు జరుపుకున్నాననీ, ఆ సంగతి అంజికి మొదటిరోజు నుంచీ తెలుసనీ, మీరు బాధపడతారని ఫోను మీద పెట్టాడనీ, ఆ అబద్ధం మొయ్యలేకే ఇంటికి రావడం మానేశాడనీ, నేను పిలిస్తే రానన్నాడనీ చెప్పాను. మధ్యలో ఎవరూ అడ్డం రాలేదు. చెప్పడం ఇంత తొందరగా అయిపోతుందని నేననుకోలేదు.

కిష్టన్న చేతిలో నాడె అలాగే ఉంది. పద్మమ్మ చాట కింద పెట్టింది.

"మరి మొన్న తినంగ చెప్పకపోతివి," అంది. అంతే అంది. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

క్షమించమని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సిన పని మళ్ళీ వాళ్ళ మీదే పడుతుంది. కిష్టన్న గుంటలోంచి లేచి, గోడ గూట్లో ఉన్న ఫోను తీశాడు. నంబరు తప్పుపోయి రెండుసార్లు నొక్కాడు. అవతల ఎత్తారు.

"అంజీ, నేనురా. ఆయన వచ్చి చెప్పిండు. ఆఁ... మొత్తం చెప్పిండు. నాతోని ఎందుకు దాస్తివిరా? సరే తియ్, అవన్నీ వద్దు. ఇగ ఎవరి పిలుపు కోసం చూడకు. ఇంటికి రా. రేపే రా."

అవతల అంజి ఏదో అడిగాడు. కిష్టన్న వింటూ తలెత్తి నన్ను చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చూపు తిప్పుకోకుండానే జవాబిచ్చాడు.

"లేడు లేడు. పోయిండు."

నేనింకా ఆయన గడప లోపలే నిలబడి ఉన్నాను.